రొటుండాలో ఆరు కొవ్వొత్తుల కోసం

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు చేసిన యూదుల ఊచకోతలో, పోయినవాళ్ల స్మారక దినాల కోసం అమెరికా కాంగ్రెస్ చేసే తీర్మానం పని ఈసారి నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. టెన్షన్ పడకు. అలాగని చిన్న కాగితమే కదా అనీ అనుకోకు.

నిజంగానే కాగితం చిన్నది. ఫలానా తేదీన కాపిటల్ రొటుండాను, అంటే కాంగ్రెస్ భవనం మధ్యలోని గోపురం హాలును, స్మరణ సభకు వాడుకోవచ్చు, ఏర్పాట్లు ఆ భవనం బాగోగులు చూసే అధికారి, ఆర్కిటెక్ట్ ఆఫ్ ది కాపిటల్, పెట్టే షరతుల ప్రకారం జరగాలి. అంతే, రెండు వాక్యాలు. ఇది కాంకరెంట్ రిజల్యూషన్ కాబట్టి ప్రెసిడెంట్ సంతకానికి వెళ్లదు. కానీ ప్రతినిధుల సభా, సెనేటూ రెండూ అదే పాఠాన్ని ఒప్పుకోవాలి. మామూలుగా ఎవరూ అడ్డు చెప్పరు, మూజువాణి ఓటుతోనో ఏకగ్రీవంగానో నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ఆఫీసుల్లో దీన్ని ఆఖరికి నెట్టేస్తుంటారు.

మా ఆఫీసులోనూ ఒక ఏడాది అలాగే ఆ కాగితం వారం పాటు నా టేబుల్ మీదే ఉండిపోయింది. ఆ వారంలోనే ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. చిన్నతనంలో నాజీల క్యాంపు నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. "మా అమ్మాయి నాకు తోడు రావాలి, టికెట్లు కొనాలి, తేదీ ఖాయమేనా బాబూ?" అని అడిగింది. చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

తేదీ విషయంలో జాగ్రత్త. పోయినేడు కాగితం చూసి రాయకు. యూదుల పంచాంగంలో ఆ స్మారక దినం నీసాన్ నెల 27. మన ఉగాదిలాగే ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఏటా తేదీ మారుతుంది, మన అధికమాసంలాగే వాళ్లకూ అదనపు నెల వస్తుంది. 2023లో ఏప్రిల్ 18న జరిపారు, 2024లో మే 6న. శుక్రవారం పడితే ఒక రోజు ముందే, ఆదివారం పడితే ఒక రోజు తర్వాత జరుపుతారు. సభ సరిగ్గా ఆ రోజే పెడతారని కూడా లేదు, కాబట్టి హోలోకాస్ట్ మ్యూజియం వాళ్లను అడిగాకే రాయి. హాలు మారితే తీర్మానంలో పేరూ మారాలి. 2024లో సభ కాపిటల్‌లోనే ఉన్న ఎమాన్సిపేషన్ హాల్‌లో జరిగింది.

ఇంకో మాట. ఎవరికైనా తెలుగులో చెప్పేటప్పుడు దీన్ని వేడుక అనకు. 1979 ఏప్రిల్ 24న అదే రొటుండాలో మొదలైన సభ ఇది. చంపబడిన అరవై లక్షల మంది యూదుల కోసం ఆరు కొవ్వొత్తులు వెలిగిస్తారు.

1945లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. సెక్యూరిటీ లైన్లో వాళ్లను నిలబెట్టనివ్వకు. చక్రాల కుర్చీలు, లిఫ్టు, ముందు వరుస సీట్లు నువ్వే స్వయంగా వెళ్లి చూసుకో. రెండు సభలూ ఒప్పుకున్న రోజున ముందు వాళ్లకు ఫోన్లు చెయ్యి, ఆ తర్వాతే ప్రెస్‌కి.

ఉంటాను తల్లీ,
పెద్దనాన్న