టెక్ సందేహాలు: ఎలక్ట్రిక్ కారుకు ఏ పోర్టబుల్ ఛార్జర్ కొనాలి?

ఎలక్ట్రిక్ కారు ఛార్జర్ల గురించి చాలామంది రాస్తున్నారు. అడుగుతున్నది దాదాపు అందరూ ఛార్జర్ పెట్టె గురించే. ఆ పెట్టెను గుచ్చే సాకెట్ గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి జవాబులు కాస్త వివరంగా ఇస్తున్నాను.

ప్రశ్న: కొత్త ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. బ్యాటరీ 45 కిలోవాట్ అవర్లు, ఆన్‌బోర్డ్ ఛార్జర్ 7.2 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్. రోజుకు 50 కిలోమీటర్లకు మించి తిరగను. పోర్టబుల్ ఛార్జర్లు చూస్తే 3.7, 7.4, 11 కిలోవాట్లవి కనిపిస్తున్నాయి. ఎలాగూ కొంటున్నావు కదా, పెద్దదే తీసుకో అంటున్నాడు మా అన్నయ్య. ఏది కొనమంటారు?

మీకు 3.7 కిలోవాట్లది చాలు. కరెంటు తగ్గించుకునే వీలున్న మోడల్ చూసి తీసుకోండి. 11 కిలోవాట్లది మాత్రం మీ కారుకు అస్సలు వద్దు.

ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే పని కారు లోపలి ఆన్‌బోర్డ్ ఛార్జర్‌ది. గోడకూ కారుకూ మధ్య ఉండే పెట్టె చేసేవి ప్రధానంగా రెండు పనులు. ఎంత కరెంటు లాగొచ్చో కారుకు చెబుతుంది, ఎక్కడైనా లీకేజీ కనబడితే సరఫరా ఆపేస్తుంది. మొదటి పని కోసం గన్‌లో, అంటే కేబుల్ చివర కారుకు గుచ్చే భాగంలో, ఒక పిన్ ప్రత్యేకంగా ఉంటుంది. దాని మీద పెట్టె సెకనుకు 1,000 సార్లు కొట్టుకునే ఒక సిగ్నల్ పంపుతుంది. ప్రతి కొట్టులో సిగ్నల్ ఎంతసేపు పైన ఉందన్న దాన్ని బట్టి కారు తన హద్దు తెలుసుకుంటుంది. 16.7 శాతం ఉంటే 10 ఆంప్స్, 26.7 శాతం ఉంటే 16, 53.3 శాతం ఉంటే 32. కారు ఆ హద్దు దాటదు. అలాగే తన ఆన్‌బోర్డ్ ఛార్జర్ మోయగలిగినదానికన్నా ఎక్కువా లాగదు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీకొచ్చే వేగం.

ఇప్పుడు 11 కిలోవాట్ల పెట్టె సంగతి. అది త్రీఫేజ్‌ది. 230 వోల్టుల చొప్పున మూడు ఫేజుల్లో ఒక్కోదాని మీద 16 ఆంప్స్ ఇస్తే మొత్తం 11 కిలోవాట్లు అవుతుంది. మీ కారు సింగిల్ ఫేజ్. అది ఆ మూడింటిలో ఒక్క ఫేజే వాడుకుంటుంది. 230ని 16తో గుణిస్తే వచ్చేది 3.7 కిలోవాట్లే. అంటే 11 అని రాసి ఉన్న పెట్టె మీ ఇంట్లో 3.7 కిలోవాట్ల పెట్టెలాగే పనిచేస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టి, లావుపాటి కేబుల్ మోసుకుంటూ తిరగాలి, అంతే. త్రీఫేజ్ ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఉన్న కారుకు, త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంటికి అది మంచి వస్తువే. ఈ రెండూ ఉన్నాయని తేల్చుకోకుండా కొనకూడదు.

మరి 7.4 కిలోవాట్లది? అది 32 ఆంప్స్‌ది, మీ కారు దాన్ని దాదాపు పూర్తిగా వాడుకుంటుంది. కానీ మీకు అంత వేగం అవసరమా అన్నది లెక్క వేద్దాం. 50 కిలోమీటర్లకు మీ కారు సుమారు 8 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) తింటుంది అనుకుందాం. మార్చే క్రమంలో పోయేది కూడా కలిపితే గోడ నుంచి 9 యూనిట్ల పైచిలుకు లాగాలి. 10 ఆంప్స్ మీద, అంటే 2.3 కిలోవాట్ల దగ్గర, దానికి పట్టేది నాలుగు గంటలు. 16 ఆంప్స్ మీద రెండున్నర గంటలు. రాత్రి భోజనం చేసి పడుకునేలోపే అయిపోతుంది. ఒకవేళ బ్యాటరీ 10 శాతానికి పడిపోయి ఉంటే, నిండుగా ఎక్కడానికి 16 ఆంప్స్ మీద పన్నెండున్నర గంటలు, 32 ఆంప్స్ మీద ఆరున్నర గంటల లోపు పడుతుంది. రోజూ 200 కిలోమీటర్లు తిరిగేవారికి, లేదా ఒకే చోట రెండు కార్లకు వంతులేసుకోవాల్సిన వారికి ఈ తేడా ముఖ్యం. మీకు కాదు.

120 వోల్టుల సరఫరా ఉన్న దేశాల్లో ఉంటున్న పాఠకులకు మాత్రం ఈ లెక్క వేరు. అక్కడి మామూలు సాకెట్ మీద 12 ఆంప్స్ లాగితే వచ్చేది 1.4 కిలోవాట్లే. పది గంటలు పెట్టినా 70 కిలోమీటర్ల దాకా వస్తుందేమో. అక్కడ 240 వోల్టుల సాకెట్ వేయించుకోవడం గురించి తప్పక ఆలోచించాలి.

ఇక నేను అందరికీ గట్టిగా చెప్పాలనుకునేది ఇది. పెట్టె 32 ఆంప్స్ అని చెబితే కారు నమ్మేస్తుంది. కానీ గోడ వెనక ఏ మందం తీగ ఉందో, సాకెట్ ఎన్నేళ్ల పాతదో ఆ పెట్టెకు తెలియదు. 32 ఆంప్స్ ఛార్జర్‌కు ఒక అడాప్టర్ తగిలించి మామూలు 16 ఆంప్స్ సాకెట్‌లో గుచ్చే ఏర్పాట్లు బజారులో చాలా దొరుకుతున్నాయి. మంచి కంపెనీల అడాప్టర్లలో దాన్ని గుర్తుపట్టే సంకేతం ఉంటుంది, పెట్టె దానంతటదే కరెంటు తగ్గించుకుంటుంది. ఆ సంకేతం లేని అడాప్టర్ అయితే 16 ఆంప్స్ సాకెట్ గుండా 32 ఆంప్స్ పోతాయి. ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆపేసే బోర్డులోని స్విచ్, సరైనదైతే పడిపోతుంది. ఎవరో ఎప్పుడో ‘మాటిమాటికీ పడిపోతోంది’ అని పెద్ద ఎంసీబీ మార్చి ఉంటే అది పడదు, తీగ కాలుతుంది.

కాబట్టి పెట్టెకు పెట్టే డబ్బులో కొంత గోడకు పెట్టండి. మెయిన్ బోర్డు నుంచి కారు నిలిపే చోటికి విడిగా ఒక లైను లాగించి, దానికి వేరే ఎంసీబీ, వేరే ఎర్త్ తీగ, నాణ్యమైన సాకెట్ పెట్టించండి. 16 ఆంప్స్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సాధారణంగా వాడతారు. దూరం ఎక్కువైతే 4 వేయిస్తే నయం. 32 ఆంప్స్‌కు 6 కావాలి. రేపు పెద్ద కారు కొంటాననే ఆలోచన ఉంటే తీగ మాత్రం ఇప్పుడే 6 వేయించుకోండి. పెట్టె ఎప్పుడైనా మార్చుకోవచ్చు, గోడలు మళ్లీ తవ్వడం కష్టం. రోజూ 32 ఆంప్స్ వాడక తప్పనివారికి నా సలహా పోర్టబుల్ కాదు, గోడకు బిగించే ఛార్జరే. సాకెట్, ప్లగ్ అనే బలహీనమైన అతుకు అందులో ఉండదు.

పెట్టె కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెబుతాను. ఈ రకం పరికరాలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62752. దాని కింద పరీక్షించి ధ్రువీకరించినట్టు పెట్టె మీదో, దానితో వచ్చిన కాగితాల్లోనో ఉండాలి. 30 మిల్లీ ఆంప్స్ ఏసీ లీకేజీకి, 6 మిల్లీ ఆంప్స్ డీసీ లీకేజీకి ఆగిపోవాలి. ఆ రెండోది చాలామంది పట్టించుకోరు. డీసీ లీకేజీ ఎక్కువైతే ఇంట్లోని మామూలు ఆర్‌సీసీబీ (లీకేజీ కనబడితే సరఫరా ఆపే స్విచ్) మొద్దుబారిపోయి, అసలు ప్రమాదం వచ్చినప్పుడు పడదు. గోడ ప్లగ్ లోపల ఉష్ణోగ్రత సెన్సర్ ఉందేమో అడగండి. నా దృష్టిలో యాప్, వైఫైల కన్నా ఇది ఎన్నో రెట్లు విలువైన సదుపాయం. ఏ టైముకు మొదలుపెట్టాలో, ఎంత శాతం దగ్గర ఆపాలో చాలా కార్లలోనే పెట్టుకోవచ్చు, దానికోసం పెట్టెలో యాప్ అక్కర్లేదు. చివరగా టేపుతో కొలవండి. సాకెట్ నుంచి కారు ఛార్జింగ్ పోర్టు దాకా, కారును రివర్స్‌లో పెట్టినా ముందుకు పెట్టినా కేబుల్ అందాలి. పోర్టు కొన్ని కార్లకు ముందు ముక్కు మీద, కొన్నింటికి వెనక పక్కన ఉంటుంది.

ప్రశ్న: మా ఛార్జర్ నా ఫ్లాట్‌లో బాగా పనిచేస్తుంది. అమ్మానాన్నల పాత ఇంట్లో పెడితే ఎర్రలైటు వెలిగి ‘ఎర్త్ ఫాల్ట్’ అంటోంది. ఒక ఎలక్ట్రీషియన్ ప్లగ్‌లో చిన్న జంపర్ వేస్తే సరిపోతుందన్నాడు. వేయించుకోవచ్చా?

దయచేసి వేయించుకోవద్దు. ఆ ఛార్జర్ చెడిపోలేదు, తన పని సరిగ్గా చేస్తోంది.

ఆయన చెప్పే జంపర్ అంటే న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ప్లగ్ లోపల కలిపేయడం. అప్పుడు పెట్టె మోసపోయి ఎర్త్ ఉందనుకుంటుంది, పచ్చలైటు వెలుగుతుంది. కానీ ఎర్త్ తీగ కారు బాడీకి కలిసి ఉంటుందని మర్చిపోకండి. ఎక్కడో బోర్డులో న్యూట్రల్ వదులై తెగిపోయిందంటే, కారు మొత్తం ఇనుముకు కరెంటు వస్తుంది. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే ఇంకా దారుణం, గన్ పెట్టిన క్షణంలోనే రావచ్చు. చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి డోరు పట్టుకునేది మీ నాన్నగారో, అమ్మగారో.

చేయించాల్సింది సరైన ఎర్తింగ్. ముందు సాకెట్ విప్పించి ఎర్త్ పిన్నుకు అసలు తీగ ఉందో లేదో చూడమనండి. పాత ఇళ్లలో చాలాసార్లు అక్కడ తీగే ఉండదు. ఉంటే అది ఎర్త్ పిట్ దాకా తెగకుండా వెళ్తోందా, పిట్ ఎండిపోయి ఉందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. మల్టీమీటర్ ఒక్కటే చాలదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ సరిగ్గా చూపించే ఎర్త్ కూడా నిజంగా కరెంటు మోయాల్సి వచ్చేసరికి చేతులెత్తేయవచ్చు. ఎర్త్ టెస్టర్ ఉన్న మనిషిని పిలవండి. ఈ ఖర్చు కారు కోసమే కాదు, ఆ ఇంట్లోని గీజర్‌కూ ఫ్రిజ్‌కూ కూడా ఈ రక్షణ ఇన్నాళ్లుగా లేదు.

ప్రశ్న: రెండు గంటలు ఛార్జ్ చేశాక ప్లగ్ బాగా వేడెక్కుతోంది. మామూలేనా? సాకెట్ దూరంగా ఉందని ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతున్నాను.

గోరువెచ్చగా ఉంటే మామూలే. చేయి పెట్టి ఉంచలేనంత వేడి మామూలు కాదు, ఇవాళే ఆపేయండి. సాకెట్ లోపలి బిగింపు వదులై అక్కడ 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. 10 ఆంప్స్ మీద ఆ చోట పుట్టే వేడి 10 వాట్లు. 16 ఆంప్స్ మీద 25 వాట్ల పైనే, ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ సాకెట్‌లో గంటల తరబడి ఆన్ చేసి ఉంచినట్టు. మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు పర్వాలేదనిపించిన సాకెట్ కారు దగ్గర ఎందుకు కాలుతుందంటే ఇదే కారణం. అవి నిమిషాల పని, ఇది రాత్రంతా సాగే పని.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. దానివల్ల ఇలాంటి అతుకులు ఇంకో రెండు పెరుగుతాయి. చుట్ట చుట్టి పడేస్తే తీగ వేడి బయటికి పోదు. కారు దగ్గరికే సాకెట్ వేయించుకోండి. అప్పటిదాకా పాత సాకెట్‌ను మార్పించి, ఛార్జర్‌లో కరెంటు 8 ఆంప్స్‌కు తగ్గించి వాడండి. మరీ 6కు తగ్గించొద్దు. ఛార్జింగ్ జరిగినంతసేపూ కారు లోపలి ఎలక్ట్రానిక్స్ మేలుకుని ఎంతో కొంత తింటూనే ఉంటాయి. కరెంటు తక్కువయ్యేకొద్దీ అందులో వృథా వాటా పెరుగుతుంది. ఇంకో సంగతి, పెట్టె బరువు ప్లగ్‌ను కిందికి లాగుతూ వేలాడకూడదు. గోడకు ఒక కొక్కెం కొట్టి తగిలించండి.

ప్రశ్న: వానలో ఛార్జ్ చేయొచ్చా?

కారు, గన్ వైపు నుంచి భయం లేదు. గన్ పోర్టులో పూర్తిగా కూర్చుని, కారు సిద్ధమని చెప్పేదాకా పెట్టె లోపలి రిలే (కరెంటును కలిపే స్విచ్) కలవదు, అందాకా పిన్నుల్లో కరెంటు ఉండదు. పెట్టెకు దుమ్ము, నీళ్ల నుంచి రక్షణను చెప్పే రేటింగ్ ఐపీ65 గానీ ఐపీ67 గానీ ఉండాలి. అయితే ఆ రేటింగ్ గోడ ప్లగ్‌కు వర్తించదు. సాకెట్ ఆరుబయట ఉంటే, ప్లగ్ గుచ్చాక కూడా మూసుకునే మూత ఉన్నది పెట్టించండి.

ప్రశ్న: నా కారుకు సీసీఎస్-2 పోర్టు. స్నేహితుడి దగ్గర టైప్-2 పోర్టబుల్ ఛార్జర్ ఉంది. ఊరెళ్లేటప్పుడు తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి. సీసీఎస్-2 పోర్టులో పై సగం టైప్-2 ఆకారమే, కింది రెండు పెద్ద పిన్నులు డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌కు. ఏ కంపెనీ కారైనా పర్వాలేదు, అవి మాట్లాడుకునే సిగ్నల్ ఒకటే. టైప్-1 లేదా జీబీ/టీ (చైనా ప్రమాణం) గన్ అయితే ఆకారం వేరు కాబట్టి పట్టదు. వెళ్లిన చోట సాకెట్ చరిత్ర మీకు తెలియదు కాబట్టి 10 ఆంప్స్‌కు మించి పెట్టకండి, మొదలుపెట్టిన అరగంటకు ఒకసారి వెళ్లి ప్లగ్ మీద చేయి పెట్టి చూడండి.