తలుపు పడేముందు తాళంచెవి చూస్కో

బుజ్జీ,

లండన్‌లో సీటొచ్చిందని, సెప్టెంబర్‌లోనే ప్రయాణమని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చిక్కడపల్లి అంతా చాటింపు వేయాలన్నంత సంతోషమేసింది, ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా, పొడుగ్గా ఉందని వదిలెయ్యకు.

చిన్నవి ముందు చెప్పేస్తా. ట్యూబ్, అంటే అక్కడి మెట్రో రైలు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు కొట్టాలి, లోపలికి ఫోన్‌తో కొట్టి బయటికి కార్డుతో కొట్టావనుకో, ఇద్దరు మనుషులనుకుని రెండిటి మీదా ఎక్కువ ఛార్జీ లాగేస్తుంది. వెళ్ళగానే జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గర పేరు రాయించుకో, వైద్యం కోసమని వీసాతోపాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ముందే కట్టించుకుంటారుగా, జ్వరమొచ్చాక వెతుక్కోవడమెందుకు. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరువు, లేదంటే ఎండుమిరపకాయల ఘాటుకి స్మోక్ అలారం మోగి పైఇంటివాళ్ళు కూడా దిగొస్తారు. ఇల్లు అద్దెకి తీసుకుంటే ఓనర్ నీ అడ్వాన్స్‌ని 30 రోజుల్లో, దానికి భద్రతగా ఉండే డిపాజిట్ స్కీమ్‌లో పెట్టి నీకు కాగితమివ్వాలి, అడిగి తీసుకో. ఆ రూల్ 2007లో వచ్చింది, మా రోజుల్లో అంతా ఓనర్ దయ.

ఇక అసలు సంగతి. తాళంచెవి.

అక్కడ చాలా ఇళ్ళ తలుపులు గాలి కొడితే చాలు, టక్‌మని పడిపోతాయి, చెవి లేకపోతే బయట నిలబడ్డవాడు బయటే. 2004 జనవరి, లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఆరుగురం ఒకింట్లో ఉండేవాళ్ళం. రాత్రి పదకొండింటికి చెత్త సంచి గేటు దగ్గర పెట్టొద్దామని వెళ్ళా, లుంగీ, బనీను, హవాయి చెప్పులు, నాలుగంటే నాలుగడుగులు. వెనకాల టక్. మిగతావాళ్ళంతా డ్యూటీల్లో ఉన్నారు, నా ఫోన్ లోపల చార్జింగ్‌లో ఉంది, దాని వెలుగు కిటికీలోంచి కనిపిస్తోంది కూడా. పక్కింటి తలుపు కొట్టొచ్చుగా అంటావు. ఎనిమిది నెలలున్నా వాళ్ళ పేరు తెలీదే, ఆ అవతారంతో ఏం మొహం పెట్టుకుని కొట్టను? అరగంట అక్కడే గంతులేశా. కాళ్ళు మొద్దుబారాక ఇక సిగ్గు చంపుకుని మూల మీదున్న చికెన్ షాపుకి లుంగీతోనే నడిచా. కౌంటర్ వెనక పాకిస్తానీ పెద్దాయన కిందా మీదా చూశాడు. "భాయ్, చాబీ అందరిచ్ రహగయీ" అన్నా. ఆ 'అందరిచ్' వినగానే "హైదరాబాదీ?" అని పగలబడి నవ్వాడు, తన కోటు నా మీద కప్పి, నూనె కాగుతున్న చోట స్టూలేశాడు. రెండింటికి మావాడొకడు వచ్చేదాకా అక్కడే.

మర్నాడు అమ్మ ఫోన్ చేసి చలేస్తోందా నాయనా అంది. లేదమ్మా, బానే ఉంది అన్నా. మీ నాన్నకి ఇప్పటికీ తెలీదు.

అదే నువ్వైతే అనుకుంటేనే కడుపులో దేవుతోంది. లోపల గొళ్ళెం దగ్గర చిన్న బటన్ ఉంటుంది, అది వేస్తే తలుపు దానంతటది లాక్ కాదు, చెత్తకెళ్ళినా అది వేసే వెళ్ళు. ఇంకో చెవి నమ్మకమైన ఫ్రెండ్ దగ్గర పెట్టు, పక్కింటావిడ పేరు మొదటి వారంలోనే కనుక్కో, మొహమాటపడ్డావో ఇక్కణ్ణుంచే తిడతా. ఇంట్లో చెప్పలేనివి నాకు చెప్పు తల్లీ. డిసెంబర్లో అక్కడ సాయంత్రం నాలుక్కే చీకటి పడుతుంది, అప్పటికి మనకి తొమ్మిదిన్నర, నేను మేలుకునే ఉంటా.

ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తాళంచెవి మొలతాడుకే కట్టుకున్నా, నవ్వితే నవ్వు. బేగంబజార్లో నీకోసం రెండు మూరల నల్లతాడు కొన్నా, మెళ్ళో వేసుకో. బరువెక్కువైందంటే మీ పిన్ని పెట్టిన పచ్చడి డబ్బాలు తీసెయ్, తాడు మాత్రం తియ్యకు.

మీ బాబాయ్