తుపాకి తర్వాత, ముందు తూటా

హైదరాబాద్

తమ్ముడూ,

నవల చదివాను. మలక్‌పేట ఇంటి పేజీల జోలికి ఇక వెళ్ళకు, అవి కుదిరాయి. తగాదా అంతా మూడో అధ్యాయంతోనూ ఎనిమిదో అధ్యాయంతోనూ. డెన్వర్‌లో ఉద్యోగం చేసే నీ కథానాయకుడు వేటకీ, దూరపు గురికీ కలిపి ఒక రైఫిల్ చేయించుకుంటాడు. దాని గురించి నువ్వు రాసిందల్లా "కిలోమీటరు దూరంలో దేన్నయినా పడగొట్టే శక్తిమంతమైన ఆయుధం" అని ఒక్క ముక్క. అది పోస్టరు మీద మాట. రైఫిల్ చేయించుకునేవాడు నెలల తరబడి తల పట్టుకునేది ఒక్క ప్రశ్న దగ్గరే: ఏ తూటాకి? బోల్టు, బ్యారెల్, మ్యాగజైన్, బరువు, భుజానికి తగిలే దెబ్బ, అన్నీ ఆ జవాబు వెనకే నడుస్తాయి.

ముందు మాటలు సరిచేసుకో. తూటా అంటే నాలుగు వస్తువుల కట్ట: ఇత్తడి ఖోకా, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. "తూటా ఎల్క్ (అక్కడి పెద్ద జింక) గుండెలో దిగింది" అన్నావు. దిగేది గుండు మాత్రమే. "నేల మీద బుల్లెట్లు ఏరుకున్నాడు" అన్నావు, ఏరుకునేది ఖోకాలు. పైగా అతనిది బోల్ట్ యాక్షన్ అని నువ్వే రాశావు. అందులో కాల్చగానే ఖోకా ఎగిరిపడదు. చేత్తో బోల్టు ఎత్తి వెనక్కి లాగితేనే బయటికొస్తుంది. ఆ ఒక్క కదలికలో పాత్ర స్వభావం చూపించొచ్చు: కంగారు మనిషి వెంటనే లాగుతాడు, స్థిమితమైనవాడు జంతువు మీంచి కన్ను తీయకుండా లాగుతాడు.

ఇక ఎంపిక. పాతబస్తీలో షేర్వాణీ కుట్టే దర్జీ ముందు గుడ్డ చూపించడు, "ఏ పెళ్ళికి?" అని అడుగుతాడు. గన్‌స్మిత్ కూడా అంతే. ఏ జంతువు, ఎంత దూరం, ఎవరు మోస్తారు? ఈ మూడూ తేలాక గుండు, గుండును బట్టి ఖోకా, ఖోకాను బట్టి యాక్షన్, అంటే తూటాని లోపలికి తోసి మూసే బోల్టూ దాని పెట్టే. నీ నవలలో అతను యాక్షన్ కొనేశాక తూటా గురించి ఆలోచిస్తాడు. డబ్బు అక్కడే వృథా అవుతుంది, ఎలాగో చెప్తాను.

డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో వేట రైఫిల్‌కి చట్టమే కనీస గీత గీసింది: వ్యాసం .24 అంగుళానికి తగ్గకూడదు, గుండు తగలగానే విచ్చుకునే రకం కావాలి, జింకకి 70 గ్రెయిన్లు, ఎల్క్‌కి 85 గ్రెయిన్లు కనీస బరువు (గ్రాముకి పదిహేను గ్రెయిన్ల పైచిలుకు), 100 గజాల దగ్గర 1000 ఫుట్ పౌండ్ల శక్తి (గుండు దెబ్బకి అక్కడి కొలత) ఉండాలి. కానీ ఆ గీత మీద నిలబడి ఎల్క్‌ని కొట్టాలనుకోవడం తెలివి కాదు. అది మన కణుజు కంటే బరువైన జంతువు. దానికి తగిలే చోట 1500 ఫుట్ పౌండ్లు మిగిలి ఉండాలని వేటగాళ్ళ వాడుక లెక్క. శాస్త్రమేమీ కాదు, పెద్దల మాట లాంటిది. దానికన్నా గట్టి లెక్క ఇంకొకటుంది: గుండు తగిలేటప్పుడు దాని వేగం. సీసం మీద రాగి తొడుగున్న మామూలు వేట గుండు సెకనుకు 1800 అడుగుల కింద సరిగా విచ్చుకుంటుందని నమ్మలేం. విచ్చుకోకపోతే సన్నని రంధ్రం చేసుకుని అటు పోతుంది. జంతువు పారిపోయి ఎక్కడో చస్తుంది. కాబట్టి "ఎంత దూరం కొడుతుంది" అన్నది ప్రశ్నే కాదు. "ఎంత దూరం వరకూ గుండు తన పని చేస్తుంది" అన్నది ప్రశ్న.

ఉదాహరణకి 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా. 2007లో హోర్నడీ అనే అమెరికా తూటాల కంపెనీ తెచ్చింది. 143 గ్రెయిన్ల వేట గుండు మూతి దగ్గర సెకనుకు 2700 అడుగులతో బయల్దేరితే, 500 గజాలకి సుమారు 2030 మిగులుతుంది. 700 గజాల దగ్గర 1800 గీత తాకుతుంది. 1500 ఫుట్ పౌండ్ల లెక్కన చూస్తే 400 గజాల లోపే అయిపోతుంది. అంటే ఇదే తూటాతో ఇనుప పలక మీద 1000 గజాలకి ఠంగుమనిపించొచ్చు, ఎల్క్ మీద మాత్రం 400 దాటకూడదు. ఒకే రైఫిల్‌కి రెండు దూరాలు. ఈ తేడా తెలిసిన పాత్ర, తెలియని పాత్ర ఒక గుట్ట మీద పక్కపక్కన పడుకుంటే చాలు, నీకు అధ్యాయం దొరికినట్టే.

గాలి గురించి నువ్వసలు రాయలేదు. గురి తప్పేది ఎక్కువగా గాలి దగ్గరే. కింద పడటాన్ని లెక్క కట్టొచ్చు: 100 గజాలకి గురి సరిచేసిన క్రీడ్‌మూర్ 500 గజాలకి దాదాపు ఒకటిన్నర మీటరు కిందికి దిగుతుంది, స్కోపు గుండీ మీద 3 మిల్ (మిల్ అంటే కోణం కొలత), అంటే 30 క్లిక్కులకి ఒకటో రెండో అటూ ఇటూ. గాలిని మాత్రం ఊహించాల్సిందే. గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలిలో ఆ గుండు 500 గజాలకి 38 సెంటీమీటర్లు పక్కకి జరిగితే, .308 వించెస్టర్ 168 గ్రెయిన్ల గుండు 55 సెంటీమీటర్లు జరుగుతుంది. .308 గుండే బరువైనది, అయినా ఎక్కువ జరుగుతుంది! గాలి తోసేది దారిలో గుండు పోగొట్టుకున్న వేగాన్ని బట్టి. సన్నగా పొడుగ్గా ఉన్న గుండు వేగం తక్కువ పోగొట్టుకుంటుంది.

పొడుగు గుండుకి, దాన్ని వేగంగా తిప్పే మెలిక గాళ్ళున్న బ్యారెల్ కావాలి. క్రీడ్‌మూర్‌కి 8 అంగుళాలకి ఒక చుట్టు మామూలు. పాత 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నం 1962 నాటిది, దానికి 9 లేదా తొమ్మిదిన్నర అంగుళాల చుట్టు పెట్టేవారు. ఇప్పటి 180 గ్రెయిన్ల పొడుగు గుండ్లు అందులో పూర్తి స్థిరంగా తిరగకపోవచ్చు; గుండు మరీ ఊగితే గురిపలక మీద గుండ్రటి రంధ్రం బదులు తాళంచెవి ఆకారంలో చిరుగు పడుతుంది. 2022లో వచ్చిన 7 ఎం.ఎం. పీ.ఆర్.సీ. అనే తూటా అసలు ఉద్దేశం ఈ లోటు తీర్చడమే. కొత్త వేగం కోసం కాదు, ఆ పొడుగు గుండుకి మొదట్నుంచీ చోటు పెట్టి, 8 అంగుళాల చుట్టుతో, మెడ కింది వాలు ఆనుకుని చాంబర్‌లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే గది) కూర్చునే ఖోకాతో చేశారు. 175 గ్రెయిన్లు, సెకనుకు 3000 అడుగులు, 500 గజాలకి ఇంకా 2100 ఫుట్ పౌండ్ల దరిదాపు. ఎల్క్ ముఖ్యమైతే, దూరం ముఖ్యమైతే, ఇప్పుడు నేను వేలు చూపించేది దీన్నే. .300 వించెస్టర్ మాగ్నం 1963 నాటిది. చెడ్డదేం కాదు, ఎక్కడైనా దొరుకుతుంది, కాకపోతే దాని అడుగున ఉన్న బెల్టు, అంటే ఉబ్బెత్తు కట్టు, ఈ ఖోకాకి అక్కర్లేని పాత నగ.

యాక్షన్ ముందు కొంటే ఎందుకు వృథా అన్నానో చూడు. తూటా మొత్తం పొడుగు మ్యాగజైన్‌లో పట్టాలి. .308 సుమారు 2.8 అంగుళాలు, క్రీడ్‌మూర్ 2.825, రెండూ షార్ట్ యాక్షన్‌లో సరిపోతాయి. .30-06, .300 వించెస్టర్ మాగ్నం, 7 పీ.ఆర్.సీ. మూడూ 3.34 అంగుళాలు, లాంగ్ యాక్షన్ కావాలి. .300 పీ.ఆర్.సీ. 3.7 అంగుళాలు, మామూలు లాంగ్ యాక్షన్ మ్యాగజైన్ కూడా చాలదు. షార్ట్ యాక్షన్ కొనేసినవాడు పొడుగు గుండును ఖోకాలోకి లోతుగా దిగ్గొడితే మందుకి చోటు పోతుంది, వేగం పోతుంది. రెండోది తూటా అడుగుని పట్టుకునే బోల్టు ముఖం. క్రీడ్‌మూర్, .308, .270, .30-06 నాలుగింటి అడుగూ .473 అంగుళాలే, కాబట్టి యాక్షన్ పొడుగు సరిపోయిన చోట బ్యారెల్ ఒక్కటీ మారిస్తే తూటా మారిపోతుంది. మాగ్నం అడుగులు .532 దగ్గర ఉంటాయి, వాటికి బోల్టే వేరు.

బ్యారెల్ అరుగుదల కూడా ఖర్చే. .308 బ్యారెల్ 5000 తూటాలు దాటినా గురి నిలుపుతుంది, క్రీడ్‌మూర్ 2000 నుంచి 3000, .300 మాగ్నం 1500 దగ్గరే గొంతు (చాంబర్ దాటి గుండు బ్యారెల్‌లోకి దూరే చోటు) కాలిపోతుంది. వారం వారం రేంజ్‌కి వెళ్ళే నీ కథానాయకుడు మాగ్నం తీసుకుంటే రెండేళ్ళలో బ్యారెల్ మార్చాలి. ఏడాదికి ఒక్కసారి కొండెక్కేవాడికి మనవడి దాకా పనికొస్తుంది.

భుజం సంగతి. స్కోపుతో సహా 3.85 కిలోల రైఫిల్‌లో క్రీడ్‌మూర్ దెబ్బ 13 ఫుట్ పౌండ్లైతే, .300 మాగ్నం దెబ్బ 30. రెండింతలు దాటింది. దాన్ని తగ్గించడానికి రైఫిల్‌ని 6 కిలోలు చేస్తే 10,000 అడుగుల ఎత్తులో, పల్చటి గాలిలో, మోసేది అతనే. కొత్తగా కాల్చేవాడికి మాగ్నం ఇస్తే ఏమవుతుందో తెలుసా? గురి బాగానే పెడతాడు, ట్రిగ్గర్ నొక్కే ముందు కన్ను మూసుకుంటాడు, భుజం ముందుకి తోస్తాడు. ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కించి చూస్తే స్కోపు వణకడం పక్కనున్నవాడికి కనిపిస్తుంది. ఆ దృశ్యం రాయి, శక్తి గురించి నాలుగు పేరాలు మిగులుతాయి.

చాంబర్ కోసే ఘట్టం దగ్గర నిదానించు. లేత్ మీద బ్యారెల్ తిరుగుతుంటుంది, చాంబర్ తొలిచే రీమర్ నూనెలో మునిగి కొద్దికొద్దిగా లోపలికి వెళ్తుంది, ప్రతిసారీ బయటికి తీసి రజను తుడుస్తారు. తర్వాత చాంబర్ పొడుగు చూసే కొలతబిళ్ళలు రెండు: "గో" గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, "నో గో" గేజ్ మీద మూసుకోకూడదు. రెండింటి మధ్య తేడా కొన్ని వేల వంతుల అంగుళమే. ఆ సందు ఎక్కువైతే ఖోకా సాగి, అడుగుకి కాస్త పైన మెరిసే గీత కనిపిస్తుంది. కొన్నాళ్ళకి అక్కడే తెగుతుంది.

ఇంకో దగ్గరి చూపు ఇస్తాను. తూటాలు సొంతంగా నింపుకునేవాడు నవంబరు చలిలో గరిష్ఠం దాకా తూచిన మందు, జూలై ఎండలో కారు సీటు మీద కాగిందనుకో. కొన్ని మందులు వేడికి రెచ్చిపోతాయి. కాల్చాక బోల్టు ఎత్తబోతే అరచేత్తో కొట్టాల్సొస్తుంది. బయటికొచ్చిన ఖోకా అడుగున, అక్షరాల పక్కన, గోరంత మెరిసే గుండ్రటి ముద్ర: ఒత్తిడి మితిమీరి ఇత్తడి, బోల్టు ముఖం మీద ఖోకాని బయటికి తోసే ఎజెక్టర్ రంధ్రంలోకి ఒత్తుకుపోయిందన్నమాట. తెలిసినవాడు ఆ రోజుకి కాల్చడం ఆపేస్తాడు. నీ పాత్ర ఆపుతాడా, ఆపడా?

వీసా విషయం వదిలేశావు. అతను హెచ్1బీ మీద ఉన్నాడు. అక్కడి కేంద్ర చట్టం వలసేతర వీసా వాళ్ళకి తుపాకి ఉండకూడదంటుంది; రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు. అంటే అతని రైఫిల్ కథ గన్‌స్మిత్ దగ్గర కాదు, వేట భద్రత తరగతి గదిలో మొదలవ్వాలి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి ఆ కోర్సు తప్పనిసరి. నారింజ రంగు చొక్కా, టోపీ కూడా వేయించు. నువ్వు ఆకుపచ్చ బట్టల్లో పంపావు.

ఎనిమిదో అధ్యాయం మాత్రం మొత్తం తీసేయాలి. ఆ రైఫిల్‌ని సూట్‌కేసులో పెట్టుకుని వచ్చి వికారాబాద్ పొలంలో అడవిపందుల్ని కాలుస్తాడని రాశావు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెక్షన్ 9 వేటని నిషేధిస్తుంది. సెక్షన్ 11 కింద అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే పంట పాడుచేసే పందిని కాల్చొచ్చు, సెలవుల్లో వచ్చిన నీ కథానాయకుడు తోచినట్టు కాల్చడం కుదరదు. పైగా నువ్విచ్చింది .308. మన ఆయుధ నియమాల్లో 7.62 ఎం.ఎం. సైనిక తూటా పట్టే రైఫిల్ నిషిద్ధ బోరు (బోరంటే బ్యారెల్ లోపలి వ్యాసం). నగర పోలీస్ కమిషనర్ దగ్గర లైసెన్సు తీసుకున్న మామూలు మనిషి చేతిలో అది ఉండదు. గన్ ఫౌండ్రీలో బ్యారెల్ మార్పించాడని కూడా రాశావు. పేరు చూసి మోసపోయినట్టున్నావు, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన తోప్ కా సాంచా అది, 18వ శతాబ్దపు ముచ్చట. తుపాకి తయారీకీ, మరమ్మతుకీ కూడా ఇక్కడ లైసెన్సు కావాలి.

ఇక్కడే నీకొక దారి ఉంది. తాతగారి గదిలో కణుజు కొమ్ములు పెట్టావు, బాగుంది (వాటికి యాజమాన్య ధ్రువపత్రం ఉందని ఒక వాక్యం చేర్చు). 1972కి ముందు వేటాడిన మనిషి లైసెన్సు పుస్తకంలో ఉండే అంకె .315 కావచ్చు, .30-06 కావచ్చు, రెండూ ఇక్కడ అనుమతించే బోర్లే. .30-06 తీసుకో. 1906 నాటి తూటా, 180 గ్రెయిన్లు, సెకనుకు 2700 అడుగులు, 300 గజాల్లో ఎల్క్‌కి సరిపోతుంది. డెన్వర్‌లో రేంజ్ మిత్రులు "క్రీడ్‌మూర్ కాలంలో ఇదేంటి?" అని ఆటపట్టిస్తారు. గన్‌స్మిత్ రెండుసార్లు వద్దంటాడు. ఇతను కారణం చెప్పడు. దూరపు గురి కోసం ఇది ఉత్తమం కాదు, అతనికీ తెలుసు; పాఠకుడికి ఆ లెక్కలన్నీ ముందే చెప్పి ఉంచితేనే ఆ మొండితనం కనిపిస్తుంది.

రైఫిల్ అక్కడే ఇనుప పెట్టెలో ఉండిపోతుంది. అతను శంషాబాద్‌లో దిగుతాడు. జాకెట్ లోపలి జేబులో మర్చిపోయిన ఒక ఖాళీ ఖోకా, 63 మిల్లీమీటర్ల ఇత్తడి, స్కానర్ తెర మీద తేలుతుంది. ప్రశ్నలు తప్పవు. "ఇదేంటి సార్?" అని అధికారి అడిగినప్పుడు అతనేం చెప్తాడో నాకు తెలియదు, నువ్వు రాయాలి. రాసే ముందు ఒకరోజు గచ్చిబౌలి వైపు యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళిరా. అక్కడ చిన్న బోర్లు కాల్చేచోట నిలబడు, దెబ్బ తెలియదు, కానీ ట్రిగ్గర్ మీద వేలు ఎలా ఆగుతుందో కనిపిస్తుంది.

మూడూ ఎనిమిదీ తిరగరాసి, ఆ రెండే పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య