ముందు వేసిన సోయా ఎందుకు మొలవట్లేదు?

ప్రశ్న: సార్, పోయిన సీజన్లో సోయా రెండు ముక్కల్లో వేశా, ఒకటి తొలి వానకే, ఇంకోటి మూడు వారాలు ఆగి, రకం మాత్రం ఒక్కటే. ముందు వేసిందే బాగా పండింది, అందుకే విత్తనానికి అదే ఎక్కువ దాచుకున్నా. ఇప్పుడు వందేసి గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే ముందు వేసిన దాంట్లో 48, లేటుగా వేసిన దాంట్లో 81 మొలిచాయి. పంట బాగా వచ్చిన దాని గింజ మొలవకపోవడం ఏంటి?

జవాబు: విత్తే ముందే చూసుకున్నారు, చాలా మంచి పని చేశారు. దిగుబడి వేరు, మొలక వేరండి. సోయా గింజలో సత్తువ ఎప్పుడు నిండుతుందంటే కాయ రంగు తిరిగేటప్పుడు, అప్పుడు గింజలో సగం నీళ్లే ఉంటాయి, అక్కడి నుంచి కోత దాకా గింజ ఎండుతూ ఉంటుంది అంతే, ఆ రోజుల్లో వేడి, వాన, ముసురు ఉంటే సత్తువ పోతూనే ఉంటుంది. ముందు వేసిన పంట వానలు ఆగకముందే పండుతుంది, గింజ తడిసి ఉబ్బి మళ్లీ ఎండి ముడుచుకుంటే పలచటి పై పొట్టు పగులుతుంది, దాని కిందే వేరు మొలక ఉంటుంది కాబట్టి దెబ్బ నేరుగా దానికే. పైగా ఫోమాప్సిస్ అనే బూజు కాయల్లో ముందే దాగి ఉండి, ముసురు పడితే గింజలోకి దిగుతుంది, గింజ సుద్దలా తెల్లబడుతుంది, ఒక్కోసారి పైకి బాగానే కనిపిస్తుంది కూడా. గింజ మీద ఊదా మచ్చ చూసి అందరూ భయపడతారు గానీ మొలకని ఎక్కువ చంపేది ఈ ఫోమాప్సిస్ బూజే.

అలాగని ఎంత లేటైతే అంత మంచిదని కాదు. పగటి పొద్దు తగ్గితే సోయా త్వరగా పూతకొస్తుంది, అందుకే మూడు వారాలు లేటుగా వేసినా కోత మూడు వారాలు లేటవదు, మొక్క పొట్టిగా ఉండిపోయి కాయలు తగ్గుతాయి. ఇంకా ఆలస్యమైతే గింజ నిండేటప్పుడు నీళ్లు చాలక సన్నగా, ఆకుపచ్చగా మిగిలిపోతుంది, ఆ ఆకుపచ్చ గింజ విత్తనానికి పనికిరాదు.

ఇప్పుడైతే 81 వచ్చిన గింజే విత్తండి, రెండూ కలపొద్దు. 48 దాన్ని రెట్టింపు పోసి సరిపెడదాం అనుకోకండి, మొలిచినవి కూడా నీరసంగానే ఉంటాయి. మొలవనివి బూజు పట్టి కుళ్లితే గుప్పెడు గింజలకి విత్తనశుద్ధి మందు పట్టించి ఇసుకలో మళ్లీ చూడండి, బూజే కారణమైతే మొలక శాతం బాగా పెరుగుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మందు కలిపిన గింజ తినడానికీ దాణాకీ అస్సలు వాడొద్దు.

వచ్చేసారి విత్తనం కోసం ఒక ముక్క విడిగా పెట్టి, వానలు ఎప్పుడు తెరిపిస్తాయో అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి వేయండి, లేదా ముందే వేయాల్సి వస్తే ఎక్కువ రోజుల రకం ఎంచుకోండి. తేమ 14 శాతానికి రాగానే కోసేయండి, 12 కన్నా తగ్గితే నూర్పిడిలో గింజ చీలిపోతుంది, డ్రమ్ము స్పీడు కూడా బాగా తగ్గించాలి.