1950ల నాటి నా మార్టిన్ అకూస్టిక్ గిటార్‌కు కొత్త పాలిష్ వేయించాను, ముందువైపు తెల్లబడిపోయి మరీ అద్దంలా మెరుస్తోంది. మళ్లీ పాతగా కనిపించేలా చేయొచ్చా?

రంగు కలపండి, మెరుపు తగ్గించండి. పూత మీద నెర్రెలు మాత్రం పుట్టించకండి.

మీరు చెప్పింది 1950ల నాటి మార్టిన్ కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. కొత్త గిటార్‌ను పాతగా తయారు చేయడం వేరే సంగతి. ఫెండర్ వాళ్లు 1995 నుంచి ‘రెలిక్’ పేరుతో అలాంటివి అమ్ముతున్నారు, గిబ్సన్‌లో 2021లో మర్ఫీ ల్యాబ్ అని దానికోసమే ఓ విభాగం పెట్టారు. ఇష్టమైనవాళ్లు కొనుక్కుంటారు. డెబ్బై ఏళ్లు బతికిన చెక్క మీద ఆ ప్రయోగాలు చేస్తామంటే నేను ససేమిరా ఒప్పుకోను.

నా దగ్గరున్నది కూడా ఆ కాలపు మార్టినే, 00-18 మోడల్. టాప్, అంటే ముందు పలక, స్ప్రూస్ చెక్క; బాడీ మహాగని. నా చేతికి రాకముందే ఎవరో టాప్ మీది అసలు పూత గీకేసి పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత దట్టంగా పట్టించారు. మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడ ఓ పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లోనే రిపేర్లు చేస్తారు. ఆయన ఆ పూతంతా ఓపిగ్గా తీసి నైట్రోసెల్యులోజ్ లాక్కర్ (అందరూ నైట్రో అనే పాతకాలపు పూత) కొట్టారు. పని బ్రహ్మాండంగా వచ్చింది. కానీ టాప్ చూస్తే పొట్టు తీసిన బాదంపప్పులా తెల్లగా ఉంది. వెనకవైపేమో తేనెరంగు. రెండూ ఒక గిటార్‌వే అంటే ఎవరూ నమ్మరు.

చాలామంది పసుపంతా లాక్కర్‌దే అనుకుంటారు. నైట్రో ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కే మాట నిజమే. అయితే స్ప్రూస్ చెక్క కూడా వెలుతురు తగిలి ముదురుతుంది, అదీ పైపైన పల్చటి పొర మాత్రమే. ఉప్పుకాగితం పెట్టి రుద్దారా, ఆ పొర పోయినట్టే. మీ గిటార్ తెల్లబడ్డది అందుకే. అసలు పాత పూత అరిగినా, గీతలు పడ్డా దాన్ని అలాగే వదిలేయాలి, పాతది తీసి కొత్త పూత వేయించే రీఫినిష్ జోలికే పోకూడదు అని నేను అందరితోనూ గొడవ పడేది కూడా ఇందుకే. రీఫినిష్ అయిన పాత గిటార్ విలువ దాదాపు సగానికి పడిపోతుందని డీలర్లు ఊరికే అనరు.

మా పెద్దాయన ఏం చేశారంటే, రిపేరుకొచ్చిన మరో పాత మార్టిన్‌ను పక్కన పెట్టుకుని, స్ప్రూస్ ముక్కల మీద నమూనాలు తీశారు. పారదర్శకంగా ఉండే లాక్కర్‌లో ఆంబర్ (తేనె పసుపు) రంగు ఒక్కో చుక్కా కలపడం, ముక్క మీద కొట్టడం, ఆరాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో పట్టి చూడడం. ట్యూబ్‌లైటు కింద ఒక్క ముక్కా చూడనివ్వలేదు. కుదిరిందనుకున్న రంగును పల్చగా కొట్టారు. నైట్రోలో ఉన్న సుగుణం అదే, కొత్త పూత కింది పూతను కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. పాలీయురెథేన్ అలా కలవదు. కాబట్టి మీకు వేసింది ఏదో ముందు కనుక్కోండి.

నెర్రెలు ఎందుకొద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. మా ఫ్రెండ్ ఒకరి మార్టిన్‌కు కూడా టాప్ కొత్తగా నైట్రో వేయించారు. దానికి ‘పాత లుక్’ తెప్పిస్తామని ఓ షాపువాళ్లు ఒప్పుకున్నారు. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. కీబోర్డులో దుమ్ము ఊదే గాలి డబ్బా ఉంటుంది చూడండి, దాన్ని తలకిందులు చేసి నొక్కితే గాలికి బదులు ద్రవం వస్తుంది, తగిలినచోట మంచు కడుతుంది. ముందు హెయిర్ డ్రయర్‌తో టాప్ వేడి చేశాడు, వెంటనే డబ్బా తిప్పి కొట్టాడు. తెల్లటి చార కట్టి, టిక్ టిక్ టిక్‌మని చప్పుడు మొదలైంది. మంచు పోయాక చూస్తే వెంట్రుకంత సన్నటి నెర్రెలు. మా ఫ్రెండ్ మొహం వెలిగిపోయింది. షాపతను ఉత్సాహంగా పిక్‌గార్డ్ (వాయించేటప్పుడు చెక్క గీసుకోకుండా అతికించే పలక) పక్కగా మళ్లీ కొట్టాడు. ఈసారి టిక్కు కాదు, ఠప్‌మని ఒక్కటే చప్పుడు. తీగలు బిగించే బ్రిడ్జి నుంచి నడిమి గుండ్రటి చిల్లు, అంటే సౌండ్‌హోల్ వైపు, పిక్‌గార్డ్ అంచు వెంబడి చెక్క పగిలింది. గోరు పెడితే దిగుతోంది.

అక్కడే ఎందుకంటే, ఆ కాలంలో మార్టిన్ వాళ్లు సెల్యులాయిడ్ పిక్‌గార్డ్‌ను ఉత్త చెక్క మీదే అతికించి, దాని పైనుంచి లాక్కర్ కొట్టేవారు. సెల్యులాయిడ్ ఏళ్ల తరబడి కుంచించుకుపోతూ కింది చెక్కను లాగుతుంది. ఆ అంచున పగులు లేని పాత మార్టిన్ దొరకడమే కష్టం. మా ఫ్రెండ్ దానికి ఎప్పుడో లోపల చిన్న చెక్కబిళ్లలు అతికించి సరిచేశారు, అది తెరుచుకుంది. టాప్ మందం మహా అయితే మూడు మిల్లీమీటర్లు, లోపల దన్నుగా ఉండే చెక్కపట్టీలు (బ్రేసులు) పట్టుకుని ఉన్నది జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో. దాని మీద వేడీ చలీ వెంటవెంటనే ప్రయోగిస్తే ఏమవుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. పైగా ఆ షాపువాళ్లు “పాత గిటార్లు కదా, ఇలాంటివి అవుతుంటాయి” అని చేతులు దులుపుకున్నారు. పగులు సరిచేయించే ఖర్చు కూడా మా వాడి మీదే పడింది. ఈ డబ్బా విద్య వీడియోల్లో చూపించేవాళ్లు ఇలాంటివి జరుగుతాయని ఒక్కరూ చెప్పరు.

పోనీ వచ్చిన నెర్రెలైనా బాగున్నాయా అంటే అదీ లేదు. డబ్బా ఏ దారిన నడిచిందో ఆ దారిన వరసగా ఉన్నాయి. అసలు నెర్రెలు లాక్కర్ ఎండి పెళుసెక్కాక, ఎన్నో చలికాలాలు దాటాక, వాటికి తోచినచోట వస్తాయి. బ్లాక్‌లైటు (అతినీలలోహిత దీపం) కింద పెడితే పాత నైట్రో ఆకుపచ్చ కలిసిన పసుపులో వెలుగుతుంది, కొత్తది అలా వెలగదు. కొనేవాడు చేతిలో లైటు పెట్టుకునే వస్తాడు. నెర్రెలు చూసి, లైటు వేసి, అమ్మేవాడు ఇంకేం దాచాడోనని మిగతా గిటార్‌ను కూడా అనుమానిస్తాడు.

అరుగుదల సంగతీ అంతే. అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్ ‘ట్రిగ్గర్’ ఫొటో చూడండి. 1969లో కొన్న మార్టిన్ ఎన్-20, నైలాన్ తీగల గిటార్. దాన్ని పిక్‌తో వాయించీ వాయించీ సౌండ్‌హోల్ పక్కన ఇంకో చిల్లే పడింది. అది ఆయన చెయ్యి ఆడిన చోటు. మీ చెయ్యి ఎక్కడ ఆడుతుందో ఉప్పుకాగితం పట్టుకున్నవాడికి ఎలా తెలుస్తుంది?

మీది నైట్రోనే అయితే కనీసం నెల రోజులు ముట్టుకోకండి. సౌండ్‌హోల్ దగ్గర ముక్కు పెడితే ఇంకా ఘాటు వాసన వస్తోందంటే ఇంకా ఆగండి. తర్వాత సౌండ్‌హోల్ మూసేసి, నాలుగు సున్నాల (0000, అతి సన్నటి) స్టీల్ ఊల్‌తో చెక్క గీతల వెంబడి, బరువు వేయకుండా లాగండి. అడ్డంగా తిప్పారంటే పడ్డ గీట్లు జన్మలో పోవు. మెరుపు చచ్చాక, ముంజేయి ఆనే అంచు దగ్గర మాత్రం మెత్తటి నూలుగుడ్డతో కాస్త రుద్దండి, ఎందుకంటే వాయించే గిటార్‌కు అక్కడ నునుపు తేలడం సహజం. ఇంకా తెల్లగా అనిపిస్తే పాలిష్ వేసినాయన దగ్గరికే తీసుకెళ్లి ఆంబర్ పూత ఒకటి పల్చగా కొట్టించండి. రీఫినిష్ బిల్లు, ఫొటోలు కేసులోనే పెట్టుకోండి, రేపు అమ్మినా చెప్పి అమ్మండి.

ఇంకొకటి, స్టాండు. రబ్బరు తొడుగులున్న స్టాండు మీద నైట్రో గిటార్ పెడితే ఆ రబ్బరు పూతను మెత్తబరిచి మచ్చ చేస్తుంది, కొత్త పూత మీద మరీ తొందరగా. మ్యూజిక్ షాపుల్లో అడిగినా ఈ ముక్క చెప్పరు. గిటార్ తగిలే ప్రతిచోటా నూలుగుడ్డ చుట్టండి, లేదంటే కేసులోనే ఉంచండి.