తెల్లకణాలు తగ్గే లుకేమియా: మా నాన్నగారి అనుభవం

మీ మామయ్యగారికి హెయిరీ సెల్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలిందనీ, డాక్టరు మందు మొదలుపెట్టకుండా నెల తర్వాత రమ్మన్నారనీ రాశారు. ఇది నిర్లక్ష్యమేమోనని మీ భయం. ఆరేళ్ల క్రితం మేమూ అలాగే హడలిపోయాం. నేను డాక్టరును కాను, నాన్నగారి ఫైలు పట్టుకుని తిరిగిన కొడుకును.

ఆయనకు మొదట రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాశారు. ఎడమ డొక్క కింద బరువుగా ఉందనీ, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందనీ అంటే గ్యాస్ అనుకున్నాం. అది ప్లీహం (స్ప్లీన్) వాపు. ప్లేట్‌లెట్లు అరవై వేలకు పడిపోయాయని తెలిశాక ఇంటిల్లిపాదీ బొప్పాయి ఆకు రసం మీద పడ్డాం. చేదు ఆయనకు, తృప్తి మాకు!

తర్వాత హైదరాబాదులో ఎముక మజ్జ పరీక్ష. తుంటి ఎముకలో సూది దించి లాగితే ఏమీ రాలేదు. రెండోసారీ అంతే. చేతకానివాళ్ల చేతిలో పడ్డామని అమ్మ ముందే విసుక్కున్నాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది. ఈ జబ్బులో మజ్జ నిండా సన్నని పీచు అల్లుకుపోతుంది, ద్రవం ఒక పట్టాన రాదు. అలా రాకపోవడమే డాక్టర్లకు ఒక ఆనవాలట. చివరికి చిన్న ఎముక ముక్క తీసి, రక్తానికి ఫ్లో సైటోమెట్రీ అనే, కణాల రకం తేల్చే పరీక్ష చేసి తేల్చారు.

పేరు విని మా మేనత్త ‘వెంట్రుకల క్యాన్సరా?’ అంది. మైక్రోస్కోపులో ఆ కణాల అంచులు నూగుగా కనబడతాయి, పేరు అందుకే. లుకేమియా అంటే తెల్లకణాలు లక్షల్లో పెరగడమని మనకొక లెక్క. ఇందులో చాలామందికి తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గుతాయి. తెల్లకణాల్లో ఒక రకమైన మోనోసైట్లయితే దాదాపు కనబడవు. నాన్నగారి పాత సిబిసి (రక్తకణాల లెక్క) రిపోర్టుల్లో ఆ గడి ఎప్పటినుంచో సున్నా దగ్గరే ఉంది, ఎవరమూ చూడలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇది సాధారణంగా నెమ్మదిగా నడిచే జబ్బు. హిమోగ్లోబిన్ 11 కన్నా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) వెయ్యి కన్నా తగ్గితేనో, ప్లీహం బాధపెడితేనో మందు మొదలుపెడతారు. లేకపోతే కనిపెట్టుకుని ఉండడమే వైద్యం. నాన్నగారికి అంకెలన్నీ తక్కువే, అయినా మూడు వారాలు ఆపారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉంది మరి. వాడే మందు క్లాడ్రిబిన్. అది ఉన్న కాసిని కణాలను కూడా కొన్ని వారాలు కిందికి తోస్తుంది. ఇన్ఫెక్షన్ ఉండగా అది ఎక్కించడం ప్రమాదం.

ఆయనకు రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులు ఎక్కించారు. రెండో వారంలో జ్వరం వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారనిద్దాం అనుకోకండి, అర్ధరాత్రయినా బయలుదేరండి. రక్తం ఎక్కించవలసి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తం కావాలా అని అడగండి. అయిదో వారం నుంచి అంకెలు లేచాయి. ఆరు నెలలకు మళ్లీ ఎముక ముక్క తీస్తే జబ్బు ఆనవాలు లేదు. కొందరికి ఏళ్ల తర్వాత తిరగబెడుతుంది, అప్పుడూ చాలామందికి ఇదే మందు పనిచేస్తుంది. ఒకప్పుడు ప్లీహం తీసేయడమే ప్రధాన చికిత్స. 1990లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ క్లినిక్ వైద్యులు ఒకే విడత క్లాడ్రిబిన్‌తో 12 మందిలో 11 మందికి జబ్బు పూర్తిగా అణగిందని ప్రకటించాక దారి బాగా మారింది.

రిపోర్టులో బీ-రాఫ్ వి600ఇ అనే జన్యుమార్పు ఉందేమో చూడండి. అసలైన హెయిరీ సెల్‌లో దాదాపు అందరికీ ఉంటుంది. అది లేకపోతే ‘వేరియంట్’ అనే మరో రకమా అని అడగాలి, దానికి క్లాడ్రిబిన్ ఒక్కటే అంత బాగా పనిచేయదు.

ఆగమన్నది అంకెలు బాగున్నందుకా, ఇన్ఫెక్షన్ ఉన్నందుకా? అది కనుక్కుని సిబిసి అంకెలతో పాటు ఇక్కడ రాయండి. మాకు జరిగినదానితో పోల్చి చెబుతాను.