సంతకం సరిపోయింది, మెయిల్ మాత్రం నకిలీది

ప్రశ్న: బ్యాంకు పేరుతో వచ్చిన ఒక ఈమెయిల్‌పై అనుమానం కలిగి, దాని పూర్తి హెడర్‌ను (మెయిల్ ఎక్కడి నుంచి, ఎలా వచ్చిందో చూపే వివరాలను) తెరిచి చూశాను. మెయిల్‌ను సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రెండు పరీక్షల ఎదుటా ‘పాస్’ అనే ఉంది. తీరా విచారిస్తే అది మోసమని తేలింది. ఇది ఎలా సాధ్యం?

జవాబు: పరీక్షలో నెగ్గిన డొమైన్ (చిరునామాలో ‘@’ తరువాత వచ్చే పేరు) ఏదో కూడా చూడవలసి ఉంటుంది. మెయిళ్లను చేరవేసే 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ నియమావళిలో పంపినవారి చిరునామాను నిర్ధారించే ఏర్పాటే లేదు. ఈ పరీక్షలన్నీ తరువాత చేర్చినవి. ఉత్తరానికి కవరు మీద ఒక చిరునామా, లోపలి కాగితం మీద మరొకటి రాయగలిగినట్టే, మెయిల్‌కూ రెండు చిరునామాలుంటాయి. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీదిదే. ఆ డొమైన్ తన డీఎన్‌ఎస్‌లో (డొమైన్ల వివరాలు అందరికీ దొరికే ఇంటర్నెట్ పట్టికలో) ప్రకటించిన సర్వర్లలో మెయిల్‌ను అందించిన సర్వర్ ఉంటే చాలు, మీకు తెరపై కనిపించే ‘ఫ్రమ్’ చిరునామాను అది పట్టించుకోదు.

డీకిమ్‌లో పంపే సర్వర్ మెయిల్ పాఠానికీ, ఎంచుకున్న హెడర్లకూ హాష్ (వాటి నుంచి వచ్చే చిన్న గుర్తు) లెక్కించి, తన వద్ద రహస్యంగా ఉండే ప్రైవేట్ కీతో సంతకం చేస్తుంది. అందుకున్న సర్వర్ ఆ సంతకంలో ‘డి’ ఎదుట ఉన్న డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డు నుంచి దానికి జోడీ అయిన పబ్లిక్ కీని తెచ్చి సరిచూస్తుంది. అయితే ఆ డొమైన్ ఫ్రమ్‌లోని డొమైనే అయి ఉండాలన్న నిబంధన డీకిమ్‌లో లేదు. మోసగాడు సొంత డొమైన్ కొని, దానికి రికార్డులన్నీ సక్రమంగా పెట్టి, ఫ్రమ్‌లో మాత్రం బ్యాంకు చిరునామా రాస్తే రెండు పరీక్షలూ నెగ్గుతాయి. అవి అబద్ధం చెప్పలేదు, మనకు కావలసిన ప్రశ్నను అడగలేదంతే.

ఆ ప్రశ్నను అడిగేది డీమార్క్ అనే మరో పరీక్ష. రెండింటిలో కనీసం ఒకటైనా ఫ్రమ్‌లోని డొమైన్ పేరిటే నెగ్గాలని అది కోరుతుంది. నెగ్గని మెయిల్‌ను ఏమి చేయాలో డొమైన్ యజమాని ‘నన్’ (ఏమీ చేయవద్దు), ‘క్వారంటైన్’ (అనుమానితంగా పక్కన పెట్టాలి), ‘రిజెక్ట్’ (తిరస్కరించాలి) అనే మూడు విధానాలలో ఒకదానితో ప్రకటిస్తాడు. ‘నన్’ కేవలం పరిశీలన కోసం ఉద్దేశించినది. డబ్బుతో వ్యవహరించే సంస్థ అక్కడే ఆగిపోవడం నా దృష్టిలో నిర్లక్ష్యమే.

బ్యాంకు పేరును పోలిన వేరే డొమైన్‌నే ఫ్రమ్‌లో పెడితే డీమార్క్ కూడా నెగ్గుతుంది కనుక, ఆ పేరును అక్షరం అక్షరం చదవండి. ఫలితాలు చూపే ‘అథెంటికేషన్ రిజల్ట్స్’ వరుసను మీ మెయిల్ సర్వరే చేర్చిందో లేదో కూడా గమనించండి. మెయిల్ పంపినవాడే అలాంటి వరుసను ముందుగా రాసిపెట్టగలడు.